గంధపు పెట్టె మీద గ్రీకు తోరణం

కంటితో చూడాల్సిన వస్తువు గురించి రేడియోలో మాట్లాడమంటే ఎవరికైనా కాస్త బెరుకే. నేను చూపలేను, మీరు చూడలేరు. అయినా ఒక పెట్టెను తెచ్చి మీ ఒళ్ళో పెట్టాననుకోండి. జానెడున్నర పొడవు, బెత్తెడు ఎత్తు. రంగు తెలుపు. ఉత్త తెలుపు కాదు, మీగడ తెలుపు. దంతం పాతబడితే ఆ రంగుకు తిరుగుతుంది. దాని మీద వెంట్రుకవాసి నల్లగీతలు. ఎవరో ఈక కలాన్ని సిరాలో ముంచి గీసినట్టు ఉంటాయి కానీ, వేలితో రుద్దితే పోయేవి కావు. అంచుల వెంట పూలతీగ ఒకటి పాకుతూ పాకుతూ నాలుగు మూలలూ తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తుంది. నడుమ కోడిగుడ్డు ఆకారంలో ఒక చట్రం. అందులో స్తంభాల ముఖమంటపం ఉన్న దొరల మేడ. మూత ఎత్తితే లోపల గంధపు చెక్క.

ఇలాంటి పెట్టె లండన్‌లో వేలానికి వస్తే, జాబితాలో దాని పక్కన ఒక ఊరి పేరు వేస్తారు. వైజాగపటం. మన విశాఖపట్నాన్ని రెండు వందల యాభై ఏళ్ల కిందటి దొరలు పలికిన తీరు అది. ఆ ఊళ్ళో ఓడరేవు వచ్చింది, ఉక్కు కర్మాగారం వచ్చింది, వేలం జాబితాలు మాత్రం ఆ పాత స్పెల్లింగును వదిలిపెట్టలేదు. మనం కొండపల్లి బొమ్మ, పోచంపల్లి చీర అంటామే, అలాగే పాతసామాను వర్తకుల నోట ‘వైజాగపటం పెట్టె’.

మా అమ్మాయిని చూడటానికి లండన్ వెళ్ళినప్పుడు సౌత్ కెన్సింగ్టన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చూశాను. విశాఖ పనితనం మొదటిసారి కంటపడింది అక్కడే. మన ఊరి పేరు చూసి పొంగిపోవడం సహజమే, నేనూ పొంగాను. తర్వాత నన్ను ఆపేసింది మాత్రం ఆ నగిషీ. కలశాలు, దండలు, కోడిగుడ్డు చట్రాలు, గాళ్లు తీసిన స్తంభాలు. ఇవి గ్రీసువి, రోమువి. బంగాళాఖాతం ఒడ్డున కూర్చుని ఉలి పట్టినవాడి చేతిలోకి ఇవి ఎలా వచ్చాయి? ఈ పావుగంటలో చెప్పబోయేది ఆ దారి గురించే.

ఆ దారి ఒక అగ్నిపర్వతం దగ్గర మొదలవుతుంది. క్రీస్తు శకం 79లో ఇటలీలో వెసూవియస్ పేలి రెండు ఊళ్ళను కప్పేసింది. హెర్క్యులేనియం ఒకటి, పాంపే ఒకటి. పదహారు పదిహేడు వందల ఏళ్లు అవి అలాగే ఉండిపోయాయి. 1738లో నేపుల్స్ రాజు హెర్క్యులేనియంలో తవ్వకాలు పెట్టించాడు. పైన జనం కాపురాలుంటున్నారు, కింద బండబారిన బూడిదలో సొరంగాలు తొలిచి బొమ్మలు బయటికి లాగారు. 1748లో పాంపే వంతు వచ్చింది. దొరికినవాటి బొమ్మలు చెక్కించి 1757 నుంచి పెద్ద పెద్ద సంపుటాలుగా అచ్చువేశారు. రాజుగారు మొదట్లో వాటిని అమ్మలేదు, తనకు నచ్చినవాళ్ళకు కానుకగా పంపాడు. దొరకని పుస్తకం మీద మోజు ఎలా ఉంటుందో చెప్పాలా? యూరప్ అంతా ఆ బొమ్మల కోసం వెంపర్లాడింది.

అప్పటిదాకా జనానికి రోము అంటే కూలిన గుళ్ళు, రాతి కమానులు. ఇప్పుడు బయటపడ్డవి ఇళ్ళు. దీపపు సెమ్మెలు, మంచాలు, ముక్కాలి పీటలు, గోడల మీద రంగు బొమ్మలు. అంటే ఆనాటి మనిషి ఇంట్లో ఎలా బతికాడో తెలిసింది. అందుకే ఈ మోజు కట్టడాల దగ్గర ఆగలేదు, కుర్చీలోకి, బల్లలోకి, టీపొడి పెట్టెలోకి కూడా దూరింది.

ఈ శైలిని ఇంగ్లీషులో నియోక్లాసికల్ అంటారు. తెలుగులో నవ్య సంప్రదాయం అనవచ్చు గానీ, అలా అంటే మన సాహిత్యం చదివినవాళ్ళకు పద్యాలు గుర్తొస్తాయి. అందుకని నియోక్లాసికల్ అనే అంటాను.

దీనికి ముందు యూరప్‌ను ఏలిన శైలి రొకోకో. గవ్వలు, నురగలు, వంకరటింకర తీగలు, ఎడమవైపు ఒకలా కుడివైపు ఇంకోలా ఉండే అలంకారాలు. కుర్చీ కాలు కూడా మేక కాలులా వంగి ఉండేది. అందంగా ఉండదని కాదు. రోజూ పాయసమే వడ్డిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కొత్త శైలి ఆ వంకరలన్నీ సాపు చేసింది. కాలు నిటారుగా నిలబడి కిందికి పోనుపోను సన్నబడింది. నడిమి గీతకు అటూ ఇటూ అద్దం పెట్టినట్టు సమానం. అలంకారాలు కూడా వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. మూత ఉన్న కలశం, వేలాడే దండ, గుండ్రని రేకుల పువ్వు, పొట్టేలు తల, మన ముగ్గులో మలుపు తిరిగినట్టు తిరిగే గ్రీకు గీత. ఈ కొద్ది సరంజామాతోనే ఒక తరం మొత్తం ఇళ్ళు నింపేసుకుంది.

ఇంగ్లండులో దీన్ని ఇంటింటికీ చేర్చినవాడు రాబర్ట్ ఆడమ్. 1728లో స్కాట్లండులో పుట్టాడు, తండ్రి కూడా కట్టడాలు కట్టించినవాడే. 1754లో ఇటలీ బయల్దేరాడు. 1757లో ఏడ్రియాటిక్ ఒడ్డున స్ప్లిట్ అనే ఊరికి వెళ్ళి, అక్కడ డయోక్లీషియన్ అనే రోమన్ చక్రవర్తి కట్టించుకున్న భవనం శిథిలాలను ఐదు వారాల పాటు కొలిపించాడు. గుళ్ళ మీద పుస్తకాలు అప్పటికే ఉన్నాయి. ఆడమ్‌కు కావలసింది రోమన్ చక్రవర్తి కాపురమున్న ఇల్లు. 1764లో ఆ కొలతలన్నీ పుస్తకంగా వేశాడు. లండన్ తిరిగొచ్చాక ఆస్టర్లీ, సైయన్, కెడిల్‌స్టన్ లాంటి పెద్ద ఇళ్ళకు లోపలి సోకులన్నీ తానే చేశాడు. పైకప్పు మీద ఏ బొమ్మ ఉందో కింద తివాచీ మీద అదే. తలుపు పిడి మొదలుకొని అద్దం చట్రం దాకా ఆయన గీసిన గీతే. ఇంటి యజమాని తనకు నచ్చిన కుర్చీ ఒకటి తెచ్చి వేసుకోవాలన్నా జంకాలి. ఆ ఒద్దిక చూస్తే నాకు కొంచెం ఊపిరాడదు. కానీ ఆ చేతిలో ఉన్న నేర్పు కాదనలేం.

ఇక పెట్టెల దగ్గరికి వస్తాను. పెద్ద భవనంలో కంటే చిన్న పెట్టెలోనే ఈ శైలి బాగా పట్టుబడుతుందని నా నమ్మకం. భవనంలో తప్పు దాగుతుంది. పెట్టెలో గీత నూలుపోగంత పక్కకు జరిగినా తెలిసిపోతుంది.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు ఇంట్లో టీపొడికి ఒక పెట్టె, దానికి ఒక తాళం. ఆ పెట్టెను ‘క్యాడీ’ అంటారు. మలయాలో, చైనా వర్తకంలో వాడే ‘కాటీ’ అనే తూకం నుంచి ఆ మాట వచ్చింది. ఒక కాటీ అంటే ఇంచుమించు 600 గ్రాములు. టీపొడికి తాళమేమిటి అని మీకు నవ్వు రావచ్చు. 1784కు ముందు అక్కడ టీ మీద పన్ను నూటికి 119 దాకా ఉండేది. వందరూపాయల సరుకు మీద అంతకు మించిన పన్ను అన్నమాట. ఆ ఏడు చట్టం తెచ్చి పన్నెండున్నరకు దించారు. అప్పటికి తాళం అలవాటైపోయింది. తాళంచెవి ఇల్లాలి దగ్గరుండేది. మా నాయనమ్మ భోషాణం గుర్తొస్తోంది నాకు. రాత్రి దానిమీదే పక్క వేసుకునేది, తాళంచెవుల గుత్తి బొడ్డున దోపుకునేది. లోపల ఏముందో మేం ఎవరం ఎన్నడూ పూర్తిగా చూసిన పాపాన పోలేదు. లండన్ ఇల్లాలిది బెత్తెడు భోషాణం, అంతే తేడా.

క్యాడీ మూత ఎత్తితే మామూలుగా రెండు అరలు. ఒకదాంట్లో నల్ల టీ, రెండోదాంట్లో పచ్చ టీ. పెద్దవాటిలో నడుమ గాజు గిన్నె. అది చక్కెరకని కొందరు, రెండు పొడులూ కలపడానికని కొందరు అంటారు. లోపలి సంగతి అది. అసలు పని బయట ఉంది.

చౌక కర్రతో డబ్బా కట్టి, దానిమీద ఖరీదైన కర్రను కాగితంలా పల్చగా కోసి అతుకుతారు. మన వడ్రంగుల మాటలో తాపడం. గుడి తలుపుకు వెండి తాపడం చేసినట్టే, ఇది కర్రకు కర్ర తాపడం. వంకరల రొకోకో మీద తాపడం కష్టం, చదునైన కొత్త శైలి మీద సుళువు. శైలి మారడానికి అందం ఒక్కటే కారణం కాదని, పనివాడి సౌకర్యం కూడా అందులో కలిసిందని నాకు అనిపిస్తుంది. ఆ తాపడానికి పేరుపడ్డ కర్ర శాటిన్‌వుడ్. తేనెరంగులో, పట్టుబట్టలా మెరుస్తుంది. మొదట వెస్టిండీస్ నుంచి, తర్వాత మన వైపు నుంచీ సింహళం నుంచీ పోయింది. తూర్పు కనుమల్లో బిల్లు చెట్టు అంటామే, ఆ జాతే.

తాపడం మధ్య కోడిగుడ్డు ఆకారంలో చిన్న బిళ్ళ పొదుగుతారు. అందులో శంఖమో, రేకుల పువ్వో. రేకుకు నీడ ఉంటుంది, ఒక వైపు గోధుమరంగులోకి కమిలి, రెండో వైపు తెల్లగా. అది రంగు కాదు. ఇనుప పళ్ళెంలో ఇసుక కాచి, కర్ర ముక్క అంచును అందులో గుచ్చి కొద్దిసేపు ఉంచుతారు. ఇసుకలో ఉన్న మేర కమురుతుంది. ఇంకొంచెం ఉంచితే మాడుతుంది. వేరుశనగలు ఇసుకలో వేయించే మన చేతికి ఆ లెక్క తెలియనిది కాదు. బూడిదపచ్చ రంగు కావాలంటే తెల్ల కర్రను అన్నభేది నీళ్ళలో నానబెడతారు. అన్నభేది అంటే ఇనుపసారమే. మన కలంకారీ నలుపుకు కూడా ఇనుమే ఆధారం, అక్కడ తుప్పు ముక్కలు బెల్లపు నీళ్ళలో ఊరతాయి.

గొప్పవాళ్ళ ఇళ్ళలో ఇదే పని పెద్ద ఎత్తున నడిచింది. థామస్ చిప్పెన్‌డేల్ పేరు మీరు వినే ఉంటారు. 1754లో రొకోకో నమూనాల పుస్తకం వేసి పేరు తెచ్చుకున్నవాడు. అలాంటివాడు కూడా గాలి చూసి కొత్త శైలికి మారాడు. 1773లో యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ భవనానికి డయానా, మినర్వా దేవతల బొమ్మలు పొదిగిన సొరుగుల బల్ల చేసి 86 పౌన్లు లెక్క రాశాడు. ఆ రోజుల్లో అది మామూలు సొమ్ము కాదు. జోసయా వెడ్జ్‌వుడ్ నీలిరంగు మట్టి మీద తెల్లని గ్రీకు బొమ్మలు అతికి బిళ్ళలు చేస్తే, వాటిని తెచ్చి బల్లలకు పొదిగేవాళ్ళు. ఆయన కర్మాగారానికి ‘ఎట్రూరియా’ అని పేరు. ఇటలీలో తవ్వి తీసిన పాత కుండలన్నీ ఎట్రస్కన్లవని అప్పట్లో నమ్మకం. తర్వాత చూస్తే వాటిలో ఎక్కువ భాగం గ్రీకు కుండలు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ శైలి సముద్రం దాటింది నమూనా పుస్తకాల వల్ల. జార్జ్ హెపుల్‌వైట్ అనే వడ్రంగి 1786లో చనిపోయాడు. రెండేళ్ల తర్వాత, 1788లో, అతని భార్య ఆలిస్ ఆ నమూనాల పుస్తకం అచ్చువేయించింది. బతికుండగా పెద్దగా పేరులేనివాడి పేరు మీద ఇవాళ ఒక శైలే ఉంది. థామస్ షెరటన్ పుస్తకం 1791లో మొదలై భాగాలుగా వచ్చింది. అతను వడ్రంగులకు పాఠాలు చెప్పి, పుస్తకాలు రాసి, 1806లో పేదగానే పోయాడు. కత్తులు పెట్టుకునే కలశాలు, అండాకారపు అద్దాలు, కుట్టుపని బల్లలు, అన్నీ కొలతలతో సహా ఆ పుటల్లో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ కొలువుకు ఓడెక్కిన కుర్రవాడి సామాన్లలో ఇలాంటి అచ్చు బొమ్మలు, లండన్‌లో చేసిన చిన్నచిన్న వస్తువులు వచ్చాయి. వచ్చినవి మద్రాసులోనూ విశాఖలోనూ పనివాళ్ళ ముందు పెట్టి ‘ఇలాంటిదే చెయ్యి’ అన్నారు.

విశాఖే ఎందుకు? ఈస్టిండియా కంపెనీ 1682లో అక్కడ కొఠీ పెట్టింది. అప్పటికే ఆ తీరం అద్దకపు బట్టలకు ప్రసిద్ధి. సముద్రానికి అవతల పెగూ, అంటే బర్మా, ఇవాళ్టి మయన్మార్. అక్కడి నుంచి టేకు, ఏనుగు దంతం ఓడల్లో వచ్చేవి. కర్ర వచ్చింది, దంతం వచ్చింది, కొనే దొరలు ఊళ్ళోనే ఉన్నారు. 1756లో ఆ ఊరు చూసిన మేజర్ జాన్ కార్నీల్ అనే సైనికాధికారి అద్దకపు బట్టల రంగులను పొగిడి, పక్కనే పొదుగుడు పనిని కూడా మెచ్చుకుని రాసుకున్నాడు. బట్ట, పెట్టె ఒకే ఊపిరిలో మెచ్చుకున్నాడు చూడండి. అది ఊరికే జరగలేదు. మొదటి రోజుల్లో విశాఖ పెట్టెల అంచుల మీద పాకిన తీగలు ఆ బట్టల అంచుల మీద పాకిన తీగలకు దాయాదులే.

ఆ మొదటి పద్ధతిలో నల్లచేవ కర్రలోనో, రోజ్‌వుడ్‌లోనో గాడి తీసి, అందులో దంతపు పువ్వు పొదిగేవాళ్ళు. నల్లటి నేల, తెల్లటి పువ్వు. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో ఇది తలకిందులైంది. గంధపు చెక్కతో పెట్టె కట్టి, పైనంతా దంతపు రేకులు తాపడం చేశారు. ఇప్పుడు నేల తెలుపు, గీత నలుపు. రేకు మీద సూదిమొన లాంటి పనిముట్టుతో బొమ్మ గీస్తారు. కాచిన నల్ల లక్క ఆ గీతల్లో నింపుతారు. ఆరాక పైపైన ఉన్నది గీకేసి మెరుగు పెడితే, గీతల్లో దిగిన లక్క మాత్రం మిగులుతుంది. ఇందాక ఈక కలంతో గీసినట్టు ఉంటుందని అన్నానే, ఆ నలుపు ఇది.

దీంట్లో ఒక తిరకాసు ఉంది. దంతం ఎంత పెద్దదైనా దాని నుంచి వచ్చే రేకు వెడల్పు కొంతే. పెద్ద పెట్టెకు రేకు పక్కన రేకు పేర్చాలి, అతుకులు కనిపిస్తాయి. పనివాడు ఏం చేస్తాడు? అతుకు ఎక్కడ పడితే అక్కడే అంచు తీగ పారిస్తాడు, లేదా స్తంభపు గీత దింపుతాడు. చూసేవాడికి అది అలంకారం, చేసినవాడికి అది అతుకు. నియోక్లాసికల్ శైలి అంటే గీతలు, చట్రాలు, అరలు కదా. దంతానికి ఈ శైలి ఇంత చక్కగా కుదరడానికి అదీ ఒక కారణమని నేననుకుంటాను.

ఈ పని ఎంతదాకా పోయిందో ఒక ఉదాహరణ చెబుతాను. అలెగ్జాండర్ వించ్ అనే ఆయన 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరు. కొలువు ముగించి ఇంగ్లండు వెళ్తూ దంతపు తాపడం చేసిన కుర్చీలు, సోఫాలు తీసుకెళ్ళాడు. ఆయన పోయాక 1781లో ఇంటి సామాను వేలం వేస్తే, వాటిని సాక్షాత్తు మూడో జార్జి రాజు కొన్నాడు, రాణి షార్లెట్ కోసం. 1818లో రాణి చనిపోయింది. మరుసటి ఏడు ఆమె సామాను మళ్ళీ వేలానికి వస్తే, ఈసారి కొడుకే, అప్పటి యువరాజు, వాటిలో కొన్నిటిని కొనుక్కున్నాడు. తల్లి కుర్చీలను కొడుకు వేలంలో పాడుకోవడం రాజుల ఇళ్ళలోనే చెల్లుతుంది. అవి ఇప్పటికీ అక్కడి రాజవంశపు సేకరణలో ఉన్నాయి.

ఇంతకూ ఆ చెక్కినవాడు ఎవరు? చిప్పెన్‌డేల్‌కు పుస్తకముంది, హెపుల్‌వైట్‌కు భార్య ఉంది. మనవాడు పెట్టె మీద సంతకం కూడా చెయ్యలేదు. పేరు దొరకదు కాబట్టి చెయ్యినే చూడాలి.

అచ్చుబొమ్మలో కలశం చూసి అతనేమనుకుని ఉంటాడు? ఇక్కడి నుంచి నా ఊహే, మీరు కాదంటే నాకు అభ్యంతరం లేదు. దొర దృష్టిలో అది రోమన్ల అస్థికల పాత్ర. మన పనివాడి కంటికి పూర్ణకుంభం. దొర దృష్టిలో వేలాడే దండ గ్రీకు గుడి గోడ మీదిది. మనవాడు పండగనాడు గుమ్మానికి మామిడాకులు కట్టినవాడు. గుండ్రని రేకుల పువ్వు అతనికి ఏ గుడి కప్పు చూసినా కనిపించే పద్మం. పరాయి భాష అనుకుని ఇచ్చిన ముక్కలో సగం మాటలు అతనికి ముందే వచ్చు. ఆ గీతల్లో తడబాటు కనిపించకపోవడానికి వేరే కారణం నాకు తోచలేదు.

ఈ మాటకు ఒక రాతి సాక్ష్యం కూడా ఉంది. అమరావతి స్తూపం చుట్టూ కట్టిన ప్రాకారం పై వరసలో, పొడవాటి పూలదండను మోసుకుపోతున్న మనుషుల బొమ్మలున్నాయి. దండ వాళ్ళ భుజాల మీద అలలా లేస్తూ పడుతూ పోతుంది. పూర్ణకుంభాలు కూడా ఉన్నాయి. దండ మోసే పిల్లల బొమ్మ రోమన్ల దగ్గరిది, అది వర్తకంతో పాటు మన తీరానికి వచ్చిందని చెప్పే పండితులున్నారు. రోమన్ నాణేలు మన నేలలో దొరికిన మాట అబద్ధం కాదు. అంటే విశాఖ పనివాడు దంతం మీద గీస్తున్న దండ, అతనికి పదిహేను వందల ఏళ్ల ముందే ఆంధ్రదేశంలో రాతిమీద పడిందన్నమాట.

ఇంకో విచిత్రం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిలో ఊరు కట్టిస్తూ ఆ దిబ్బలో రాళ్ళు తవ్విస్తున్నారని తెలిసి, కల్నల్ కాలిన్ మెకంజీ వెళ్ళి చూసింది 1797లో. సరిగ్గా ఆ రోజుల్లోనే విశాఖలో దంతపు పెట్టెల పని జోరుగా సాగుతోంది. ఇటలీలో తవ్వినవాటి బొమ్మలు విశాఖ దాకా వచ్చాయి. అమరావతిలో తవ్వినవి విశాఖ పనివాడి దాకా రాలేదు. ఆ రాళ్ళలో కొన్ని చివరికి లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి, పెట్టెలు చేరిన ఊరికే.

హైదరాబాదు శ్రోతలు ఈ శైలిని పెద్ద ఎత్తున చూడాలంటే లండన్ దాకా పోనక్కర్లేదు. ఒకప్పటి కోఠీ మహిళా కళాశాల పాత భవనం ముందు నిలబడితే చాలు. కంపెనీ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ హయాంలో, 1803 ప్రాంతంలో కట్టడం మొదలైన రెసిడెన్సీ అది. ఆకులు చెక్కిన స్తంభాలు, పైన త్రికోణంలో కంపెనీ చిహ్నం. పెట్టె మీద చూసిన మేడకు పెద్దన్న. బస్సు కోసం ఆ చుట్టుపక్కల నిలబడ్డవాళ్ళలో ఎంతమంది తలెత్తి చూశారో.

పెట్టెలు అక్కడికి పోవడంతో కథ అయిపోలేదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఒక కొత్త అలవాటు వచ్చింది. మామూలు చెక్క పెట్టె కొని, దానిమీద నల్లరంగు నేలా తెల్లని బొమ్మలూ వేసి, తెలుపు మీద కలంతో సన్నని గీతలు దిద్దేవాళ్ళు. పెన్‌వర్క్ అని దాని పేరు. మధ్యతరగతి ఇళ్ళలో ఆడపిల్లలకు అదొక కాలక్షేపం. మన దంతపు పొదుగుడును కలంతో అనుకరించడమే దానికి మూలమని పాతసామాను ఎరిగినవాళ్ళు చెబుతారు. ఇటు వచ్చిన నమూనా అటు తిరిగి నమూనాగా పోయింది.

తర్వాత తర్వాత అభిరుచి బరువెక్కింది. పెట్టెలు రోమన్ రాతి శవపేటికల ఆకారంలోకి మారాయి. పైన వెడల్పు, కింద సన్నం, సింహపు కాళ్ళు. శవపేటికలో టీపొడి దాచుకోవడం ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు కాబోలు. విశాఖలో కూడా ఆ ఆకారమే సాగింది, కాకపోతే దంతం తగ్గి ఎద్దుకొమ్ము, దున్నకొమ్ము, ఏదుపంది ముళ్ళు, తాబేటి చిప్ప వచ్చాయి. ముళ్ళను వరసగా పేర్చి అతికిన ఆ పెట్టెలు నేర్పుగా ఉంటాయి కానీ, వెనకటి తెల్లపెట్టెల తేలికదనం వాటిలో నాకు కనిపించదు.

దంతం గురించి ఒక మాట చెప్పకుండా దాటలేను. ఆ మీగడ తెలుపు చాలావరకు ఏనుగును చంపితే దొరికినదే. ఎంత నగిషీ చూసినా ఆ సంగతి గీతల కింద ఉండనే ఉంటుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టాన్ని 1986లో బిగించి దంతపు వర్తకాన్ని ఆపేశారు. 1991లో ఆఫ్రికా దంతాన్ని కూడా ఆపారు. ఇంగ్లండులో 2018 చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. 1918కి ముందుదై, కళలో అరుదైనదని నిపుణులు చూసి ధ్రువపత్రం ఇస్తే తప్ప అలాంటి పెట్టె అక్కడ అమ్మకూడదు. ఇది సబబే. ఉన్న పెట్టెలు చూద్దాం, కొత్తవి వద్దు.

సమయం అయిపోవస్తోంది. అన్నిటికంటే నాకు ఇష్టమైనదాన్ని చివరికి దాచుకున్నాను. 1790ల ప్రాంతంలో విశాఖలో ఇల్లు ఆకారంలోనే పెట్టెలు చేశారు. కుట్టుపని సామానుకు కొన్ని, టీపొడికి కొన్ని. ఇంగ్లీషు పల్లెటూరి ఇల్లు, జానెడంత. నాలుగు గోడలూ దంతం. గోడ మీద ఇటుక ఇటుకకూ గీత. కిటికీకి అద్దాల అరలు, అరకు అర గీసి, లోపల లక్క. వాలు కప్పు, దానిమీద పొగగొట్టం. లండన్‌లో పనివాడు ఆడమ్ పుస్తకం పట్టుకుని ఇంటిని పెట్టె మీదికి దించాడు. విశాఖలో మనవాడు పెట్టెనే ఇల్లు చేసేశాడు.

ముందు గోడకు నడుమ తలుపు ఉంటుంది. గడప, చట్రం, పలకలు అన్నీ గీసి ఉంటాయి. అది తెరుచుకోదు, ఉత్త గీత. అసలు తాళం బెజ్జం చూరు కింద ఉంటుంది. తాళం తీసి ఇంటి కప్పును వెనక్కి ఎత్తాలి. లోపల గంధపు చెక్క అరలు. ఒక అరలో దారపు ఉండలు, ఒక అరలో సూదులు.